కొట్టు తాళము ఎవరి చేతిలో ఉండవలెను?

కరువు వచ్చినను, ఉప్పెన వచ్చినను, వ్యాధి ప్రబలినను మానవ సమాజము ఎదుట రెండు ప్రశ్నలు నిలుచును. ఆపదలో ఉన్నవారికి సహాయము చేయవలెనా అనునది మొదటిది. మనస్సాక్షి గలవారందరును దీనికి ఒకే సమాధానము చెప్పుదురు. ఆ సహాయమును ఎవరు కూర్చవలెను, ఎవరు కొలువవలెను, ఎవరు పంచవలెను అనునది రెండవది. ఈ ప్రశ్న యొద్దనే మంచివారు సహితము రెండు పక్షములుగా చీలిపోవుదురు.

ఒక పక్షమువారు ఇట్లందురు: దూరపు ఆఫీసులో కూర్చున్న అధికారికి ఏ యింట పొయ్యి రాజలేదో ఏమి తెలియును? ఊరి ఆకలి ఊరివారికే తెలియును; కావున సొమ్ము ఊరికి ఇచ్చి తప్పుకొనుడి. రెండవ పక్షమువారు ఇట్లందురు: ఊరి పెద్దల చేతికి గింజలు ఇచ్చినచో అవి వారి బంధువుల గాదెలకే చేరును, ఒకే చట్టము, ఒకే జాబితా, ఒకే కొలత ఉన్నప్పుడే పేదవానికి న్యాయము కలుగును. ఇద్దరి మాటలోను సత్యమున్నది. ఇద్దరును మరచిన సంగతియు ఒకటి కలదు. ఇది కేవలము పరిపాలనకు సంబంధించిన చిక్కు కాదు. ఆకలిగొన్నవాని యెదుట అధికారము ఎట్లు ప్రవర్తింపవలెను అనునదే ఇందులోని అసలు ప్రశ్న.

యోసేపు కొట్లు

కేంద్రీకృత సహాయమునకు బైబిలులో మొట్టమొదటి గొప్ప ఉదాహరణ యోసేపు. సమృద్ధిగా పండిన ఏడు సంవత్సరములలో పంటయందు అయిదవ భాగమును తీసికొని నిలువచేయవలెనని అతడు ఏర్పాటు చేసెను. ఇందులో చదువరులు తరచుగా గమనింపని విశేషమొకటి ఉన్నది. ఆజ్ఞ ఒక్క చోటనుండి వెలువడెను గాని, ధాన్యమంతయు ఒక్క చోటికి చేర్చబడలేదు. ప్రతి పట్టణము చుట్టునున్న పొలముల పంట ఆ పట్టణములోనే నిలువచేయబడెను (ఆది. 41:48). ముందుచూపు రాజధానిది; కొట్టు ఊరిది. ఏ ఊరివాడును తన పొలముగట్టున నిలిచి ఏడేండ్ల కరువును ముందుగా చూడజాలడు. అట్లే ఏ మంత్రియు రాజభవనమునుండి ప్రతి కళ్లములోని గింజలను కొలువజాలడు.

అయితే కథ అక్కడ ముగియలేదు. నలుబది యేడవ అధ్యాయమునకు వచ్చునప్పటికి అదే కొట్టు జనుల రూకలను, తరువాత పశువులను, తరువాత భూములను, తుదకు వారి శరీరములను సహితము ఫరో వశము చేసెను. జనులు బ్రతికిరి, అందుకు వారు కృతజ్ఞత చెప్పిరి కూడ. కాని బ్రతికినవారు దాసులైరి. ఒక పుస్తకము ముగిసి మరియొకటి ఆరంభము కాగానే, యోసేపును ఎరుగని రాజు లేచి, ఇశ్రాయేలీయుల చేతనే నిలువచేయు పట్టణములను కట్టించినట్లు చదువుదుము (నిర్గమ. 1:11). ఒకనాడు ప్రాణములు నిలిపిన కొట్టు మరియొకనాడు వెట్టిచాకిరికి కారణమాయెను. తాళము మంచివాని చేతిలో నున్నదన్న ధైర్యము చాలదు. ఆ మంచివాడు పోయిన తరువాత ఆ తాళము ఎవరికి చేరునో కూడ ఆలోచింపవలెను.

బోయజు పొలము

స్థానిక సహాయమునకు అందమైన ఉదాహరణ రూతు చరిత్రము. పొలపు అంచులను పూర్తిగా కోయక, పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని ధర్మశాస్త్రము చెప్పెను (లేవీ. 19:9, 10). ఆ ఏర్పాటుకు జాబితా లేదు, ముద్రకాగితము లేదు. బీదరాలు తన చేతులతో ఏరుకొని, తలయెత్తుకొని ఇంటికి పోవును. బోయజు మరియొక అడుగు ముందుకు వేసి, పిడికెళ్లు కావలెననియే జారవిడువుడని పనివారికి చెప్పెను. ఇంతటి సున్నితమైన దయ ఏ ప్రభుత్వ ఉత్తరువునకును సాధ్యము కాదు.

అయినను అదే అధ్యాయములో బోయజు పనివారికి ఇచ్చిన మరియొక ఆజ్ఞను మరువరాదు. ఆమెను ముట్టవద్దనియు, అవమానపరచవద్దనియు అతడు వారికి గట్టిగా చెప్పవలసి వచ్చెను. ఎందుకు? ఆమె మోయాబీయురాలు, దిక్కులేనిది. యజమానుని మాట లేనిచో ఆ పొలము ఆమెకు క్షేమమైన చోటు కాదు. దగ్గరితనములో ప్రేమయు ఉన్నది, అపాయమును ఉన్నది. పొరుగువాడు మన పేరు ఎరుగును. పేరుతోపాటు మన కులమును, మన పాత తగాదాలను, మన అప్పులను కూడ ఎరుగును. దూరపు అధికారికి మన ముఖము కనబడదు. ముఖము కనబడకపోవుటచేతనే ఒక్కొక్కప్పుడు అతడు న్యాయము చేయగలడు.

ఆదిమ సంఘము సహితము ఈ చిక్కునుండి తప్పించుకొనలేదు. యెరూషలేములో అనుదిన పరిచర్యయందు గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రు చిన్నచూపునకు గురియైరి (అపొ. 6:1). వడ్డించినవారు దుర్మార్గులు కారు; పరిశుద్ధాత్మను పొందిన సంఘస్థులే. అయినను తమ భాషవారు ముందుగా కంటబడుట మానవ నైజము. అపొస్తలులు ఆ సణుగును అణచివేయలేదు. తామే గరిటె పట్టుకొనవలెననియు అనుకొనలేదు. సంఘమునే ఏడుగురిని ఏర్పరచుకొనుడని చెప్పి, ఏర్పడినవారిమీద చేతులుంచిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా ఎవరికి అన్యాయము జరిగినదో, వారి పక్షమువారి చేతికే తాళము చేరినట్లు తోచుచున్నది. పైవారు ఫిర్యాదును వినిరి, ఊరివారు మనుష్యులను ఎన్నుకొనిరి, అణగియున్నవారు అధికారము పొందిరి. ఈ మూడును కలిసినప్పుడే వడ్డన సరియైనది.

ధాత కరువు నేర్పిన పాఠము

ఈ సంగతులు గ్రంథములోనివి మాత్రమే కావు. తెలుగు నేలమీద కూడ వ్రాయబడియున్నవి. 1876లో వానలు తప్పి, 1878 వరకు దక్షిణ భారతమును పట్టి పీడించిన మహాక్షామమును తెలుగువారు ధాత కరువని పిలిచిరి. మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు, బొంబాయి రాజధానులయందు మృతులు 50 లక్షలకు పైబడియుందురని చరిత్రకారుల అంచనా.

ఆ దినములలో గవర్నరు జనరలు లిట్టన్ ప్రభువు సర్ రిచర్డు టెంపులును ప్రత్యేక ప్రతినిధిగా మద్రాసునకు పంపెను. ఈయన క్రొత్తవాడు కాడు. 1873–74లో బీహారులో కరువు వచ్చినప్పుడు బర్మానుండి సుమారు 4 లక్షల 50 వేల టన్నుల బియ్యము తెప్పించి, ఆకలిచావులను దాదాపుగా నివారించినవాడు. అందుకు ఆయనకు దొరికిన ప్రతిఫలము, దుబారా చేసెనను నింద. ఆ నింద మోసినవాడే 1877లో మద్రాసునకు వచ్చి, కరువు పనులలో మట్టి మోయు పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక అణాయు చాలునని తగ్గించెను. మద్రాసు ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్, ఈ కొలతతో కష్టము చేయువాని శరీరము నిలువదని వాదించెను. కార్నిష్ తన కన్నుల ఎదుట కృశించిపోవుచున్న జనమును చూచుచుండెను; టెంపులు ఖజానా లెక్కలను చూచుచుండెను. కొన్ని నెలలకే ఆ కొలతను పెంచక తప్పినది కాదు; కాని ఆ నెలలలో పోయిన ప్రాణములు తిరిగి రాలేదు. టెంపులు జీవితములో కేంద్రాధికారపు మేలును కీడును రెండును కనబడుచున్నవి. బర్మా బియ్యమును బీహారునకు చేర్చగలది కేంద్రమే. ఆకలిగొన్నవాని ఎముకలను చూడక కొలత తగ్గించగలదియు కేంద్రమే.

అదే సమయమున ఒంగోలులో జాన్ ఎవరెట్ క్లౌ అను బాప్తిస్టు మిషనెరీ ఉండెను. ఆయన 1866లో అక్కడ స్థిరపడెను. యౌవనమున అమెరికాలో సర్వే పని చేసిన అనుభవము గలవాడు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువను త్రవ్వించుచుండగా, ఆయన అందులో సుమారు మూడున్నర మైళ్ల భాగమును కంట్రాక్టుకు తీసికొనెను. తన యొద్దనున్న ఉపదేశకులను మేస్త్రీలుగా నియమించెను. కులము పేరిట త్రోసివేయబడిన మాదిగలకు పై మేస్త్రీల యొద్ద అవమానము సుళువుగా, న్యాయము కష్టముగా దొరకుచున్న దినములవి. ఈ మూడున్నర మైళ్లలో కూలివాని పేరు మేస్త్రీకి తెలియును. మేస్త్రీ పల్లె కూలివానికి తెలియును.

ఇక్కడ సమతూకమెట్లు కుదిరినదో చూడవలెను. సొమ్ము ప్రభుత్వముది. కాలువ కొలత ప్రభుత్వ ఇంజనీరులది. అట్టి పనిని ఏ మిషనును తన చందాలతో నడుపజాలదు. కాని ఆ సొమ్ము కూలివాని చేతికి చేరు త్రోవలో నిలిచినవారు వాని భాష, వాని బాధ ఎరిగినవారు. ప్రభుత్వ సొమ్ము లేనిచో ఉపదేశకులు కన్నీరు మాత్రమే పంచియుందురు. ఉపదేశకులు లేనిచో ఆ సొమ్ము కడపటివానివరకు వచ్చుట కష్టమైయుండును.

క్లౌ చేసిన మరియొక పని ఇంతకంటె గొప్పది. కరువు సహాయము నడచుచున్నంత కాలము అనేకులు బాప్తిస్మము కోరినను ఆయన ఇయ్యలేదు. అన్నము కొరకు వచ్చినవాని విశ్వాసమును అన్నముతో కొనరాదను పట్టుదలయే అందుకు కారణము. సహాయపు పని ముగిసిన తరువాతనే ద్వారము తెరవబడెను. 1878 జూలై 3వ తేదీన వేలంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికొరకు కలిసినవారని అప్పుడును తరువాతను కొందరు ఎత్తిపొడిచిరి. ఆ నిందకు పూర్తి సమాధానము మాటలతో చెప్పుట కష్టము. మనుష్యుల హృదయములను దేవుడే ఎరుగును. కాని గింజలు పంచు చేయి మనస్సాక్షిని కొనకుండ తన్ను తాను కట్టుకొనెను అనునది చరిత్రలో నిలిచిన సత్యము. ఫరో కొట్టు చేసిన కీడును ఒంగోలు కొట్టు చేయకుండుటకు ప్రయత్నించెను.

రెండు చేతులు, ఒక శరీరము

ధర్మశాస్త్రములోనే ఈ రెండు మార్గములకును చోటున్నది. ద్వితీయోపదేశకాండము పదునాలుగవ అధ్యాయము ప్రకారము, దశమ భాగము దేవుడు ఏర్పరచుకొను ఒక్క స్థలమునకు తేబడవలెను. అయితే మూడేండ్లకొకసారి అది ఊరి గవునులలోనే ఉంచబడవలెను. లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు అక్కడనే తిని తృప్తిపొందవలెను. ఒకదానిని ఒకటి రద్దు చేయలేదు.

సంస్కరణ కాలమున జెనీవాలో కాల్విను పరిచారకులను రెండు విధములుగా విభజించెను. ఒకరు ధర్మధనమును కూర్చి, భద్రపరచి, లెక్క చూచువారు. మరియొకరు బీదలను, రోగులను స్వయముగా పరామర్శించువారు. రెండును ఒకే పరిచర్య, రెండును సంఘపు బాధ్యత. లెక్క చూచువానికి రోగి పడక కనబడవలెను. రోగి పడక యొద్దనున్నవానికి లెక్క అప్పగింపవలెనను భయముండవలెను. ఆ సంస్కరణ సంప్రదాయములోనివాడైన యోహాన్నెస్ ఆల్తూసియుసు 1603లో ప్రచురించిన గ్రంథములో, సమాజమును కుటుంబము మొదలుకొని ఊరు, మండలము, రాజ్యము అను వరుసలో ఒకదానిమీద నొకటి కట్టబడిన సహవాసముగా వివరించెను. ఆ కట్టడములో పైఅంతస్తు క్రిందిదానిని మోయదు. క్రిందిదే పైదానిని మోయును. కాని పైకప్పు లేనిచో క్రిందివారందరును వానలో తడియుదురు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఈ పైకప్పు విలువను రుజువు చేసెను. సుమారు 10 వేలమంది ఆ రాత్రి మరణించిరి. సముద్రములో ఏర్పడిన తుపానును పొరుగువాడు చూడలేడు. ఎంత ప్రేమగలవాడైనను తన గుడిసెతోపాటు తానును కొట్టుకొనిపోవును. 1990 మే నెలలో మరల భయంకరమైన తుపాను ఆంధ్ర తీరమును తాకినప్పుడు, ముందుగా హెచ్చరిక అందుట వలనను, లక్షలాది జనము తరలింపబడుట వలనను, మృతుల సంఖ్య వెయ్యికి లోపుననే ఉండెను. ఆ హెచ్చరిక ఆకాశమునుండి వచ్చినది. అయినను ముసలితల్లిని చేయి పట్టి గుడిసెలోనుండి బయటికి నడిపింపవలసినవాడు ఆ వీధివాడే.

బడి మూతపడినప్పుడు

ఆకలికి వర్తించునది చదువునకును వర్తించును. 2020 మార్చిలో మహమ్మారి వలన దేశమంతటను బడులు మూతపడెను. తెలంగాణలో ఆ సంవత్సరము సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ ద్వారాను టి-శాట్ ద్వారాను పాఠములు ప్రసారమాయెను. అన్ని గ్రామములకు ఒకేసారి పాఠమును చేర్చుట గొప్ప పనియే. ఏ ఒక్క ఊరి పంతులును అది చేయజాలడు. కాని అదే నెలలో జరిగిన అసర్ సర్వేలో, గ్రామీణ ప్రాంతములలో బడిలో పేరున్న పిల్లల ఇండ్లలో 61.8 శాతము ఇండ్లకే స్మార్ట్‌ఫోను ఉన్నట్లు తేలెను. ఫోను ఉన్న ఇంటను తండ్రి పనికి పోవునప్పుడు దానిని వెంట తీసికొనిపోయిన పక్షమున పిల్లవానికి మిగులునదేమి? ఇంటిలో కోయ, గోండి, సవర భాషలు మాటలాడు చిన్నబిడ్డకు తెరమీది తెలుగు పాఠము ఎంతవరకు అందును?

అదే సంవత్సరము జార్ఖండు రాష్ట్రములోని దుమ్కా జిల్లాకు చెందిన దుమర్‌థర్ అను గిరిజన గ్రామమున, ఉపాధ్యాయులు ఇండ్ల మట్టిగోడలమీద నల్లబల్లలు వేయించిరి. పిల్లలు ఎడమెడముగా తమ తమ గోడల యొద్ద కూర్చుండిరి. పాఠము మైకులో వినిపించెను. బడి ఇంటికి వచ్చెను. అయితే ఆ ఉపాధ్యాయులకు జీతమిచ్చినది ప్రభుత్వము. పాఠ్యక్రమమును ఏర్పరచినదియు ప్రభుత్వమే. గోడ ఊరిది, పాఠము దేశముది. ఈ రెండింటి మధ్య పిల్లవాని పేరు పెట్టి పిలువగల పంతులు నిలిచెను.

ఇక్కడ సంఘములు తమ్మును తాము ప్రశ్నించుకొనవలెను. మూతపడిన బడి యొద్దనే ఎన్నో గ్రామములలో మందిరమున్నది. ఆదివారము తప్ప తక్కిన దినములు దాని తలుపులకు తాళమే. పట్టా చదువు చదివిన యౌవనస్థులు అదే సంఘములో ఉందురు. పై కమిటీనుండి ఉత్తరము రాలేదని వారు ఎదురుచూచినచో, ఆ ఎదురుచూపునకు క్రమశిక్షణ అను పేరు తగునా?

పిడికెడు బియ్యము

మిజోరం క్రైస్తవులయందు 1910నుండి ఒక అలవాటు కలదు. ఇల్లాలు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్లను ఒక పిడికెడు ప్రక్కకు తీయును. వాటిని స్త్రీలు ఇంటింట కూర్చి మందిరమునకు తెత్తురు; దాని వెలతో సువార్త పని నడచును. తెలుగు సంఘములలోను పిడికెడు బియ్యము తీయు వాడుకను పెద్దలు ఎరుగుదురు. కూర్చుట ప్రతి పొయ్యి యొద్ద. చేర్చుట ఒక్క చోట. ఇందులో ఇచ్చువాడు పెద్దవాడు, తీసికొనువాడు చిన్నవాడు అను భేదము కలుగదు. ఏలయనగా బీదరాలు సహితము ఇచ్చుచున్నది.

పౌలు యెరూషలేము బీదలకొరకు కూర్చిన చందాలోను ఈ లక్షణమే కనబడును. మాసిదోనియ సంఘములు నిరుపేదలైనను తమ శక్తిని మించి ఇచ్చిరి. ఆ ద్రవ్యమును పౌలు ఒంటరిగా మోసికొనిపోలేదు, సంఘములు ఏర్పరచిన సహోదరుడు వెంట ఉండెను, ఎవడును తప్పు మోపకుండునట్లు (2 కొరింథీ. 8:19, 20). అపొస్తలునికే లెక్క చూచు తోడు అవసరమైనప్పుడు, నేటి ట్రస్టులకును సొసైటీలకును అది అవమానమెట్లగును? ఖరగపూరులోను, సోలాపూరులోను, ముంబయిలోను ఉన్న తెలుగు సంఘములు స్వగ్రామముల ఆపదకు సొమ్ము పంపునప్పుడు ఈ రెండు సంగతులను గుర్తుంచుకొనవలెను. ఇచ్చినవారికి లెక్క అడుగు హక్కు కలదు. పుచ్చుకొనువారికి అవసరమేదో తామే చెప్పుకొను హక్కు కలదు.

కావున ఆపద వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఈ పనిని దగ్గరివారు చేయగలరా? చేయగలిగినచో దూరమువారు దానిని వారినుండి లాగుకొనరాదు. దగ్గరివారికి శక్తి లేదా? అట్లయినచో దూరమువారు ఆలస్యము చేయరాదు; స్థానికుల స్వాతంత్ర్యమను మంచి పేరుతో ఆకలిని వారికే వదలివేయుట ప్రేమ కాదు. ఇద్దరి కన్నులకును కనబడనివాడు ఎవడు? వాని ఇంటి మనిషి ఒకడు పంపకము యొద్ద ఉన్నాడా? ఈ మూడవ ప్రశ్ననే జనులు తరచుగా మరతురు. విధవరాండ్ర సణుగు వినబడిన తరువాత గాని యెరూషలేము సంఘమునకును అది జ్ఞాపకము రాలేదు.

భారములను ఒకరివి ఒకరు మోయవలెననియు, ప్రతివాడు తన బరువు తాను మోయవలెననియు గలతీ పత్రిక ఒకే అధ్యాయములో చెప్పుచున్నది. ఈ రెండు మాటలలో ఒకదానినే పట్టుకొనువారికి సహాయము చేయుట సులభము. రెండింటిని పట్టుకొనువారికి ప్రతి ఆపదయందును మరల ఆలోచింపవలసి వచ్చును, మరల వినవలసి వచ్చును, ఒక్కొక్కప్పుడు తమ చేతిలోని తాళమును మరియొకరి చేతిలో పెట్టవలసియు వచ్చును. కొట్టు నిండుగా ఉన్నప్పుడే ఆ అభ్యాసము మొదలుపెట్టవలెను. కరువు వచ్చిన తరువాత తాళమును చేతినుండి విడుచుట ఎవరికిని సులభము కాదు.